నెల తప్పిన నాటికి పిండం వయసెంత? – పిండశాస్త్రం, కణశాస్త్రంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎం.బి.బి.ఎస్. మొదటి సంవత్సరం పిల్లలు రాసినవి. మిగతావి ఇళ్ల నుంచి, పశువుల కొట్టాల నుంచి వచ్చాయి. ఎవరు అడిగినా, తిప్పి చూస్తే ప్రశ్న ఒకటే: ఏ రోజున ఏం జరుగుతుంది? రోజు తెలిస్తే అవయవం తెలుస్తుంది, లోపం ఎక్కడిదో కూడా తెలుస్తుంది. కాబట్టి రోజుల లెక్కతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: స్కాన్ రిపోర్టులో ఏడు వారాలని ఉంది. ఎంబ్రియాలజీ పుస్తకంలో ఏడో వారం తీసి చూస్తే అక్కడి పిండం చాలా పెద్దది. ఏది నమ్మాలి?
– వైద్య విద్యార్థిని, నెల్లూరు

జవాబు: రెండూ నిజమే. లెక్క మొదలుపెట్టిన రోజే వేరు. డాక్టర్లు, స్కాన్ తీసేవారు చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. ఎంబ్రియాలజీ పుస్తకం ఫలదీకరణం జరిగిన రోజు నుంచి లెక్కపెడుతుంది. 28 రోజులకోసారి క్రమం తప్పకుండా బహిష్టు అయ్యే స్త్రీలో ఈ రెండింటికీ 14 రోజుల తేడా. కాన్పు రోజును ఒకరు 280 అని, ఇంకొకరు 266 అని చెప్పడానికి కారణం ఇదే. మీ రిపోర్టులోని ఏడు వారాలు పుస్తకంలో అయిదు వారాలు. పుస్తకంలో అయిదో వారం చివర చూడండి: తల పెద్దది, చేయి పడవ తెడ్డులా ఉంటుంది, వేళ్లు ఇంకా విడిపోలేదు, పొడవు 5 నుంచి 8 మిల్లీమీటర్లు. అప్పుడు రిపోర్టుతో కలుస్తుంది.

మనవాళ్లు ‘నెల తప్పింది’ అంటారు చూడండి, ఆ మాట అనుకునే రోజుకు పిండానికి 14 రోజులు. అంటే అప్పటికి అది ఎపిబ్లాస్ట్, హైపోబ్లాస్ట్ అనే రెండు పొరల చిన్న బిళ్ల మాత్రమే. ప్రిమిటివ్ స్ట్రీక్, అంటే మూడు పొరలు ఏర్పడటానికి మొదలయ్యే గీత, ఆ మర్నాడు, 15వ రోజుకు కనిపిస్తుంది. గుండె 22వ రోజుకు కదలడం మొదలుపెడుతుంది. అప్పటికి నెల తప్పి ఎనిమిది రోజులే. ఈ ఒక్క పోలిక గుర్తుంచుకుంటే మూడో వారం, నాలుగో వారం పాఠాలు వేరే కళ్లతో చదువుతారు.

రెండు జాగ్రత్తలు. 35 రోజులకోసారి బహిష్టు అయ్యేవారిలో అండం విడుదలయ్యేది 14వ రోజున కాదు, సుమారు 21వ రోజున. అలాంటివారిలో బహిష్టు తేదీ పట్టుకుని లెక్కిస్తే పిండం వారం వెనకబడినట్టు కనిపిస్తుంది, అనవసరంగా భయపడతారు. రెండోది, తొలి వారాల స్కాన్‌లో తల నుంచి పిరుదు దాకా కొలిచే సి.ఆర్.ఎల్. మిల్లీమీటర్లకు 42 కలిపితే బహిష్టు లెక్కన రోజులు వస్తాయి. 10 మిల్లీమీటర్లుంటే 52 రోజులు, అంటే ఏడు వారాల మూడు రోజులు. అందులోంచి 14 తీసేస్తే 38, అది మీ పుస్తకంలోని రోజు. అటూ ఇటూ మూడు రోజుల తేడాతో ఈ చిట్కా పనికొస్తుంది. పరీక్షలో వయసు రాసేటప్పుడు మాత్రం ఏ లెక్క ప్రకారం రాస్తున్నారో పక్కనే రాయండి. మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: నాలుగో వారంలో పిండం మడత పడుతుందని చదువుతున్నాం. బొమ్మలు ఎన్నిసార్లు చూసినా తలలోకి ఎక్కడం లేదు. గుండె ముందుగా తలకంటే పైన ఉండి తర్వాత ఛాతీలోకి ఎలా వస్తుంది? డయాఫ్రమ్ నరం మెడలో ఎందుకు పుడుతుంది?
– వైద్య విద్యార్థి, ఒంగోలు

జవాబు: పిండం మడత కాగితం మీద అర్థం కాదు, చేత్తో మడవాలి. ఇంట్లో మూడు జాకెట్టు ముక్కలు దొరుకుతాయి: నీలం, ఎరుపు, పసుపు. మూడింటినీ 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉండే కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించండి. నీలం పైన, ఎరుపు మధ్యన, పసుపు కింద. నీలం ఎక్టోడెర్మ్, ఎరుపు మీసోడెర్మ్, పసుపు ఎండోడెర్మ్.

పొరలు కుట్టే ముందు ఎర్ర గుడ్డలో రెండు చోట్ల రూపాయి బిళ్లంత రంధ్రం చేయండి. ఒకటి తల వైపు అంచు నుంచి ఏడెనిమిది సెంటీమీటర్ల లోపల, ఒకటి తోక వైపు అంచుకు దగ్గరగా. ఆ రెండు చోట్లా నీలం, పసుపు నేరుగా తాకుతాయి, మధ్యలో ఎరుపు ఉండదు. తల వైపుది బక్కోఫారింజియల్ పొర, అది రేపు నోరు. తోక వైపుది క్లోకల్ పొర, అది రేపు మలమూత్రాల దారి. పిల్లలు ఎక్కువగా వదిలేసేది ఈ రంధ్రాలనే. అవి లేకుండా మడిస్తే నోరు ఎక్కడ తెరుచుకుంటుందో ఎప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు తల అంచు నుంచి లోపలికి వరుస పెట్టండి. అన్నింటికంటే ముందు, సరిగ్గా అంచు దగ్గర, ఒక బట్టల క్లిప్పు: సెప్టమ్ ట్రాన్స్‌వర్సమ్, రేపు ఊపిరి కండరం డయాఫ్రమ్‌లో భాగమయ్యేది. దాని వెనక ఎర్ర గుడ్డ మీద ఒక పెద్ద పూస కుట్టండి: గుండె. పూస వెనక నోటి రంధ్రం. దాని వెనక నీలం గుడ్డ మీద సుద్దముక్కతో మెదడు గుర్తు వేయండి. మధ్య గీత వెంట ఎర్ర పొరలో ఒక లంగా బొందు పరవండి: నోటోకార్డ్. బొందు నోటి రంధ్రం దాకా వచ్చి ఆగాలి, దాటి పోకూడదు. పసుపు గుడ్డ కింద సగం ఊదిన బెలూన్ పెట్టండి: యోక్ శాక్.

తల అంచును కిందికి, బెలూన్ వైపు మడవండి. క్లిప్పు, పూస, రంధ్రం అన్నీ కలిసి బోర్లా పడతాయి. ఇప్పుడు పైనుంచి కిందికి వరుస చదవండి: మెదడు, నోరు, గుండె, సెప్టమ్. ముందు మొదట ఉన్నది ఇప్పుడు చివరికి వెళ్లింది. గుండె తనంతట నడిచి ఛాతీలోకి రాలేదు. తల దాని మీదుగా ముందుకు వంగింది. మీ ప్రశ్నలో సగానికి జవాబు ఈ ఒక్క మడతలో ఉంది.

ఇక డయాఫ్రమ్ నరం సంగతి. సెప్టమ్ ట్రాన్స్‌వర్సమ్ మడత పడ్డాక మెడలోని 3, 4, 5 సోమైట్ల (వెన్ను వెంట వరుసగా ఏర్పడే మీసోడెర్మ్ దిమ్మల) ఎదురుగా ఉంటుంది. నరాలు దాన్ని అక్కడే పట్టుకుంటాయి. తర్వాత శరీరం వెనక భాగం వేగంగా పెరిగి సెప్టమ్ కిందికి దిగినట్టు అవుతుంది, నరం దాని వెంట సాగుతూ వస్తుంది. ఎనిమిదో వారానికి డయాఫ్రమ్ వెనక భాగం మొదటి నడుము వెన్నుపూస దగ్గరకు చేరుతుంది. పిత్తాశయం వాచి డయాఫ్రమ్‌ను రాసుకున్న రోగి, భుజానికీ ఈ నరానికీ మూలం ఒకే మెడ భాగం కావడం వల్ల, కుడి భుజం నొప్పి అంటాడు; దాని వెనక ఉన్నది ఈ నాలుగో వారపు చిరునామాయే.

తోక అంచును, రెండు పక్కల అంచులను కూడా అలాగే కిందికి లాగి, నాలుగు వైపులా బొడ్డు దగ్గర కలపండి. నీలం అంతా బయటికి వస్తుంది, పసుపు లోపల గొట్టమవుతుంది, బెలూన్ మెడ సన్నగా నొక్కుకుపోతుంది. ఆ సన్నటి మెడే విటెల్లైన్ డక్ట్. అది పూర్తిగా మాయం కాకపోతే మిగిలేది మెకెల్స్ డైవర్టిక్యులమ్, నూటికి ఇద్దరిలో ఉంటుంది.

ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. నీలం గుడ్డ మధ్యలో న్యూరల్ ప్లేట్, అంటే రేపటి మెదడు, వెన్నుపాము, పైకి లేచి గొట్టమవుతుంది. శరీరం అంచులు కిందికి వంగి గొట్టమవుతాయి. ఒకే వారంలో రెండు మడతలు, ఎదురెదురు దిక్కుల్లో. ఈ రెంటినీ ఒకే బొమ్మలో కలిపి గీసే పిల్లలు అంచులను కూడా పైకే మడిచేస్తారు. అప్పుడు చర్మం లోపలికి, పేగు బయటికి వస్తుంది. ముందు న్యూరల్ ట్యూబ్ పూర్తి చేసి, సుద్దతో గుర్తు పెట్టి, ఆ తర్వాతే అంచులు పట్టుకోండి.

ప్రశ్న: మోరులాలో ఎన్ని కణాలుంటే మోరులా అనాలి? అది గర్భాశయం దాకా వచ్చాకే ఎందుకు అతుక్కుంటుంది, దారిలో ఎందుకు అతుక్కోదు?
– వైద్య విద్యార్థిని, కోవూరు

జవాబు: ఫలదీకరణ చెందిన అండం విభజన చెందుతూ మూడో రోజు దాటేసరికి 16 కణాల ముద్ద అవుతుంది, అక్కడి నుంచి మోరులా అంటారు. దారిలో అతుక్కోకపోవడానికి కారణం దాని చుట్టూ ఉండే జోనా పెల్యూసిడా అనే పొర. అది ఉన్నంతవరకు బయటి కణాలకు గోడ తగలదు. నాలుగో రోజు ప్రాంతంలో మోరులాగా గర్భాశయంలోకి చేరి, అక్కడ లోపల నీరు చేరిన బ్లాస్టోసిస్ట్‌గా మారి, అయిదో రోజు ప్రాంతంలో ఆ పొర చీల్చుకుని బయటికి వస్తుంది, ఆరో రోజుకు గోడను అంటుకుంటుంది. దారిలో ఆలస్యమై ట్యూబులోనే పొర వదిలితే అక్కడే అతుక్కుంటుంది. ఎక్టోపిక్ గర్భం ఎక్కువగా ఇలా వచ్చేదే. జోనా ఉన్నన్నాళ్లూ కణాలు పెరుగుతున్నా మొత్తం సైజు మారదని కూడా రాసుకోండి. ఒక్కో విభజనకు కణం చిన్నదవుతుంది.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. గర్భిణికి నాలుగో నెల నుంచి ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ఇస్తున్నాం. వెన్ను లోపాలు రాకుండా ఫోలిక్ ఆసిడ్ అని శిక్షణలో చెప్పారు. అయితే ఆ మాత్ర సరిపోదా?
– ఉదయగిరి

జవాబు: అమ్మా, మీ సందేహం చాలా విలువైనది. నాలుగో నెల మాత్ర తల్లి రక్తహీనతకు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి, అది తప్పక వాడాలి. కానీ బిడ్డ వెన్ను విషయానికి ఆ మాత్ర దాదాపు రెండు నెలలు ఆలస్యం.

మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం, న్యూరల్ ట్యూబ్, 22వ రోజున మెడ దగ్గర మూసుకోవడం మొదలై, జిప్పు రెండు వైపులా లాగినట్టు తల వైపుకూ తోక వైపుకూ సాగుతుంది. తల చివర 25వ రోజుకు, తోక చివర 28వ రోజుకు మూసుకుంటాయి. తల చివర మూసుకోకపోతే ఎనెన్‌కెఫలీ (మెదడు, పుర్రె పైభాగం ఏర్పడని లోపం), తోక వైపు మూసుకోకపోతే స్పైనా బిఫిడా (వెన్ను తెరుచుకుని ఉండే లోపం). పైన చెప్పిన లెక్కలో పెట్టి చూడండి: 28వ రోజంటే నెల తప్పి రెండు వారాలు. చాలామంది అప్పటికి పరీక్ష కూడా చేయించుకోరు. మీ రిజిస్టర్‌లో పేరు ఎక్కేసరికి ఆ తలుపులు మూసుకుపోయి ఉంటాయి, లేదా తెరిచే ఉండిపోయి ఉంటాయి.

అందుకే ఫోలిక్ ఆసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు కనీసం నెల రోజుల నుంచి మొదలుపెట్టి మొదటి మూడు నెలలు నిండేదాకా వాడాలి. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టి ఉంటే పది రెట్ల మోతాదు, 4 మిల్లీగ్రాములు కావాలి. దాన్ని డాక్టరే రాయాలి. అలాంటి తల్లుల మీద జరిగి 1991లో వెలువడిన బ్రిటన్ వైద్య పరిశోధన మండలి (ఎం.ఆర్.సి.) పరిశోధనలో లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీ పెళ్లయిన ఇంట్లో ఉంటే, గర్భానికి ముందే ఆమెను డాక్టరు దగ్గరికి పంపండి. సొంతంగా మాత్ర ఆపేయమని మాత్రం చెప్పకండి, మూర్ఛ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. మీరు కొత్తగా పెళ్లైన ఇంటి గడప తొక్కినప్పుడు చెప్పే మాట, నాలుగో నెలలో ఇచ్చే మాత్రకంటే బిడ్డ వెన్నుకు ఎక్కువ మేలు చేస్తుంది.

వైద్య విద్యార్థులకు ఇక్కడ కణశాస్త్రం కూడా ఉంది. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఎ. రెట్టింపు కావాలి, దానికి థైమిడిన్ కావాలి. డియూఎంపీని డిటీఎంపీగా మార్చే చర్యకు ఫోలేటే ఒక కార్బన్‌ను ఇస్తుంది. ఫోలేట్ లేకపోతే వేగంగా విభజన చెందే కణాలే ముందు ఆగిపోతాయి: ఎముక మజ్జ, పేగు పొర, పిండం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసి 1945లో వెల్లడించింది. అదే చోట పుట్టిన దాని విరుగుడు అమినోప్టెరిన్‌ను 1948లో అమెరికా వైద్యుడు ఫార్బర్ పిల్లల లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) వాడి ఫలితం చూపించాడు. క్యాన్సర్ కణాన్ని ఆపే ఆ మందు పిండం కణాన్నీ ఆపుతుంది. ఆ కుటుంబానికే చెందిన మిథోట్రెక్సేట్ గర్భిణికి ఎందుకు కూడదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాది ఒంగోలు జాతి ఆవుల ఇల్లు. ఆవు ఒక కోడెదూడను, ఒక పెయ్యను జంటగా ఈనింది. పెయ్య పెరిగి ఎదకు రాదని, ఇప్పుడే అమ్మేయమని ఊళ్లో అంటున్నారు. ఇది నిజమేనా? నిజమైతే మనుషుల్లో కవల ఆడపిల్లకు ఇలా ఎందుకు కాదు? నేను ఎం.బి.బి.ఎస్. చదువుతున్నాను.
– టంగుటూరు

జవాబు: ఊళ్లో మాట చాలావరకు నిజం. కోడెతో జంటగా పుట్టిన పెయ్యల్లో నూటికి తొంభైకి పైగా గొడ్డుమోతువే. ఇంగ్లిష్‌లో ఫ్రీమార్టిన్ అంటారు. ఎంబ్రియాలజీ పరీక్షకు ఇంతకంటే మంచి పాఠం లేదు, మీ కొట్టంలోనే ఉంది.

కారణం మాయలో ఉంది. ఆవుల్లో రెండు పిండాల మాయలు చాలా తొందరగా, మొదటి రెండు నెలల్లోనే, కలిసిపోయి రక్తనాళాలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి. కోడె పిండంలో వృషణం ముందుగా తయారవుతుంది. దాని సెర్టోలీ కణాలు ఎ.ఎం.హెచ్. అనే హార్మోన్‌ను వదులుతాయి. ఆ హార్మోన్ పని ముల్లేరియన్ నాళాలను కరిగించడం. కోడెకు అది మేలు, దానికి గర్భాశయం అక్కర్లేదు. కానీ అదే రక్తం పెయ్యలోకీ పోతుంది. పెయ్య ముల్లేరియన్ నాళాలు, అంటే రేపటి గర్భాశయం, గొట్టాలు, యోని పై భాగం, పెరగకముందే కుంచించుకుపోతాయి. అండాశయం కూడా సరిగా పెరగదు. బయట చూస్తే పెయ్యే, లోపల గర్భసంచి లేదు. 1916లో ఫ్రాంక్ లిల్లీ దీన్ని రక్తంలో ప్రవహించే పదార్థం పనిగా వివరించాడు. 1947లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండాల మీద చేసిన పనితో, మగ దారికి హార్మోన్లు కావాలనీ, అవి లేకపోతే ఆడ దారే తెరుచుకుంటుందనీ స్థిరపడింది.

మనిషిలో ఆడ, మగ కవలలు ఇద్దరూ వేర్వేరు అండాల నుంచి వచ్చినవారే, మాయల రక్తనాళాలు చాలా అరుదుగా తప్ప కలవవు. అదే తేడా. ఆ మాట మీ సమాధానంలో రాయండి, ఎక్కువ మంది రాయరు. మనిషిలో వరుస ఇలా గుర్తుంచుకోండి: ఏడో వారం దాకా రెండు జతల నాళాలూ అందరిలోనూ ఉంటాయి, వై క్రోమోజోమ్ మీద ఎస్.ఆర్.వై. జన్యువు ఉంటే ఏడో వారంలో వృషణం మొదలవుతుంది. ఎనిమిదో వారానికి ఎ.ఎం.హెచ్., టెస్టోస్టిరోన్ రెండూ పనిలో ఉంటాయి. మొదటిది ఆడ నాళాన్ని తీసేస్తుంది, రెండోది మగ నాళాన్ని నిలబెడుతుంది. ఒకటి పనిచేసి ఇంకొకటి పనిచేయకపోతే ఏమవుతుందో వేసుకోండి, వైవాలో అడిగేది అదే.

ఇక పెయ్య సంగతి. అమ్మేముందు తేల్చుకోండి, పదిలో ఒకటైనా మామూలుది కావచ్చు. పుట్టిన నెలలోపు పెయ్యకు పశువైద్యుడు మొన గుండ్రంగా ఉన్న నాళికకు నూనె రాసి యోనిలోకి మెల్లగా జరిపి చూస్తాడు. మామూలు పెయ్యలో 13 నుంచి 15 సెంటీమీటర్లు పోతుంది, ఫ్రీమార్టిన్‌లో అయిదారు సెంటీమీటర్లకే ఆగుతుంది. మీరు చేయబోకండి, చీరుకుపోతుంది. ఇంకా ఖాయంగా తెలియాలంటే రక్తంలో క్రోమోజోమ్ పరీక్ష. ఆవుకు 60 క్రోమోజోమ్‌లు. ఫ్రీమార్టిన్ తెల్లకణాల్లో ఎక్స్ఎక్స్ కణాలతో పాటు తోబుట్టువు నుంచి వచ్చిన ఎక్స్‌వై కణాలూ దొరుకుతాయి. పుట్టుకకు ముందే ఒకరి రక్తకణాలు ఇంకొకరిలో ఇల్లు కట్టుకున్నాయన్నమాట. జంట దూడల రక్తంలో ఈ కలయికను 1945లో రే ఓవెన్ గమనించాడు. ఇతరుల కణాలను శరీరం సహించడాన్ని అర్థం చేసుకునే దారి అక్కడి నుంచే మొదలైంది. కోడెదూడ మాత్రం సాధారణంగా పనికొస్తుంది, దాని మీద అనుమానం పెట్టుకోకండి.

ప్రశ్న: ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాలన్నీ తయారుగా ఉంటాయంటారు. అవి ఏ దశలో ఆగి ఉంటాయో ఒక్కో పుస్తకం ఒక్కోలా రాసినట్టు అనిపిస్తోంది.
– వైద్య విద్యార్థి, కావలి

జవాబు: రెండు ఆగుడులు ఉన్నాయి, రెంటినీ కలిపి చదవడం వల్లే గందరగోళం. మొదటి ఆగుడు పుట్టకముందే, మియోసిస్ (క్రోమోజోమ్‌లను సగానికి తగ్గించే విభజన) ఒకటో విభజన ప్రొఫేజ్‌లో, డిప్లోటీన్ దశ దగ్గర. ఆ అండాన్ని ప్రైమరీ ఊసైట్ అంటారు. పెద్దమనిషయ్యాక నెలకొకటి చొప్పున, అండం విడుదలకు కొద్ది గంటల ముందు ఆ విభజన పూర్తవుతుంది. వెంటనే రెండో విభజన మొదలై మెటాఫేజ్‌లో మళ్లీ ఆగుతుంది. ఇది రెండో ఆగుడు, శుక్రకణం లోపలికి వచ్చేదాకా. రాకపోతే ఒక రోజుకల్లా అండం నశిస్తుంది. అంటే రెండో మియోసిస్ పూర్తి చేసుకున్న అండం శుక్రకణం లేకుండా ఒంట్లో ఉండనే ఉండదు.

తల్లి కడుపులో అయిదో నెలకు ఈ కణాలు 70 లక్షల దాకా ఉంటాయి. పుట్టేనాటికి పుస్తకాన్ని బట్టి ఆరు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా రాస్తారు. మీ కళాశాల అనుసరించే పుస్తకంలోని అంకెనే రాయండి. విడుదలయ్యేవి జీవితకాలంలో 500కు లోపే.

40 ఏళ్ల తల్లి అండం 40 ఏళ్లుగా డిప్లోటీన్‌లో ఆగి ఉన్న అండం. జత క్రోమోజోమ్‌లను కట్టి ఉంచే కోహెసిన్ ప్రొటీన్ అన్నేళ్లలో సడలుతుంది, విడిపోయేటప్పుడు రెండూ ఒకవైపే పోతాయి. డౌన్ సిండ్రోమ్ 25 ఏళ్ల తల్లికి సుమారు 1,250 కాన్పులకు ఒకటి, 40 ఏళ్లకు వందకు ఒకటి. తండ్రి వైపు కథ వేరు. శుక్రకణం 74 రోజుల్లో కొత్తగా తయారవుతుంది, కాబట్టి అక్కడ పాతబడటం కాదు, మళ్లీ మళ్లీ రాసేటప్పుడు వచ్చే అక్షరదోషాలు పెరుగుతాయి. ఎకాండ్రోప్లేసియా (ఒక రకం మరుగుజ్జుతనం) లాంటి ఒక్క జన్యువు మార్పులు తండ్రి వయసుతో పెరగడం అందుకే.

ప్రశ్న: మా కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పాలపళ్లు తెల్లగానే వస్తున్నాయి, తర్వాత వచ్చే పళ్లకే గోధుమరంగు మరకలు. నీళ్లు కాచి ఇస్తున్నా ఫలితం లేదు.
– ఒక తల్లి, కనిగిరి

జవాబు: పంటి పైపొర, ఎనామిల్‌ను అమెలోబ్లాస్ట్ అనే కణాలు కడతాయి. పాలపళ్ల ఎనామిల్ చాలా భాగం కడుపులోనే కట్టేస్తుంది, మిగతాది మొదటి ఏడాదిలో. కడుపులో బిడ్డకు ఫ్లోరైడ్ తక్కువగానే చేరుతుంది, పుట్టాక తల్లిపాలలోనూ చాలా తక్కువ. ముందు పళ్ల శాశ్వత ఎనామిల్ మాత్రం మూడు నాలుగు నెలల వయసులో మొదలై నాలుగైదేళ్ల దాకా కడుతుంది. సరిగ్గా బోరు నీళ్లు తాగే వయసు. ఆ సమయంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే, ఎనామిల్ గట్టిపడే ముందు బయటికి పోవాల్సిన ప్రొటీన్లు లోపలే ఉండిపోతాయి, పొర కింద సన్నని రంధ్రాలు మిగులుతాయి. పన్ను వచ్చేటప్పుడు సుద్దలా తెల్లగా ఉంటుంది. తర్వాత ఆ రంధ్రాల్లోకి రంగు పట్టి గోధుమగా మారుతుంది. పన్ను బయటికి రాగానే అమెలోబ్లాస్ట్‌లు ఉండవు, అందుకే ఎనామిల్ తిరిగి పెరగదు. తోమి పోగొట్టగలిగింది కూడా కాదు.

నీళ్లు కాచకండి. ఫ్లోరైడ్ ఆవిరి కాదు, నీరు తగ్గిన కొద్దీ చిక్కబడుతుంది. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేని చోట 1.5 దాకా. నీటిని పరీక్షింపజేసి, అంతకు మించితే ఆర్.ఓ. నీళ్లు, లేదా నిలవ చేసిన వాననీళ్లు తాగడానికీ వండడానికీ వాడండి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకైతే తప్పకుండా. వంట మాట ఎందుకంటే పప్పు ఉడికేటప్పుడు బోరు నీళ్లు పోస్తే అదీ లోపలికే పోతుంది.

ప్రశ్న: పిండం గుండె కొట్టుకోవడం కళ్లతో చూడాలని ఉంది. కోడిగుడ్డుతో కుదురుతుందంటున్నారు. అంగట్లో గుడ్డు తెచ్చి వెచ్చగా పెట్టాం, ఏమీ రాలేదు.
– వైద్య విద్యార్థినులు, ఆత్మకూరు

జవాబు: అంగడి గుడ్డులో ఏమీ రాదు. గుడ్ల ఫారాల్లో పెట్టలతో పుంజులుండవు, ఆ గుడ్లు ఫలదీకరణ కాలేదు. పుంజు తిరిగే ఇంటి నుంచి నాటుకోడి గుడ్లు, పెట్టి వారం దాటనివి, అర డజను తెచ్చుకోండి. రోహిణీ కార్తెలో అసలు పెట్టుకోకండి. గది వేడికే పిండం సగం మొదలై, అస్తవ్యస్తంగా పెరిగి చచ్చిపోతుంది. పొదగబెట్టేదాకా గుడ్లు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉండాలి.

37.5 డిగ్రీల పెట్టెలో, ఒక గిన్నెలో నీళ్లు పెట్టి, గుడ్లను పక్కకు పడుకోబెట్టండి. పైకి ఉన్న వైపు పెన్సిల్‌తో గుర్తు వేయండి, పిండం అక్కడే తేలుతుంది. వేడి 39 దాటితే పిండం గుండె రాకముందే పోవచ్చు. థర్మామీటర్‌ను గుడ్ల ఎత్తులో పెట్టండి, మూత దగ్గర కాదు. 33 నుంచి 38 గంటలకు పది సోమైట్లు, 50 గంటలు దాటేసరికి ఇరవై రెండు. గుండె కొట్టుకోవడం బాగా కనిపించాలంటే 60, 70 గంటల మధ్య తెరవండి.

గుడ్డును తిప్పకుండా అలాగే పడుకోబెట్టి, మొద్దు కొన దగ్గర చిన్న రంధ్రం చేసి, సిరంజితో తెల్లసొన 2, 3 మిల్లీలీటర్లు లాగండి. సూది కిందికి చూస్తూ పోవాలి, లేకపోతే పచ్చసొన చితుకుతుంది. సొన తగ్గితే పిండం పెంకు నుంచి కిందికి దిగుతుంది. ఇప్పుడు గుర్తు ఉన్న చోట సెల్లోటేపు అంటించి, రెండు సెంటీమీటర్ల కిటికీ కత్తిరించండి. టేపు లేకపోతే పెంకు ముక్కలు పిండం మీద రాలతాయి. 38 డిగ్రీల వేడి సెలైన్ రెండు చుక్కలు వేసి, పక్కనుంచి టార్చి పట్టండి. పచ్చసొన మీద సాలెగూడులా ఎర్రటి రక్తనాళాలు, మధ్యలో కామాలా వంగిన పిండం, దాని వంపులో ఎర్రటి చుక్క ముడుచుకుంటూ విచ్చుకుంటూ కనిపిస్తుంది. తల మీది నుంచి వంగి గుండెను కప్పుతున్న తీరు చూడండి. జాకెట్టు ముక్కలతో మడిచింది ఇదే. సెలైన్ చల్లగా ఉంటే చుక్క నెమ్మదిస్తుంది, వేడిది వేస్తే మళ్లీ అందుకుంటుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పచ్చి గుడ్డు పెంకు మీద సాల్మొనెల్లా ఉంటుంది.